కొత్త సాంకేతికతను మార్కెట్‌కు తేవడంలో కంపెనీ పరిమాణం ఎంతవరకు ముఖ్యం? (రొయ్యల గుంటల పరికరం గురించి సలహా కావాలి)

పెన్నాతీరం, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. మాది నెల్లూరులో నడుస్తున్న చిన్న సంస్థ. రొయ్యల గుంటల నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను, అంటే రైతులు డీఓ అనేదాన్ని, రాత్రింబవళ్ళు కొలుస్తూ, అది తగ్గగానే ఏరియేటర్లను, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలను, ఆన్ చేసి, సరిపడా పెరిగాక ఆపేసే పరికరాన్ని తయారు చేస్తున్నాము. ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో కొద్దిమంది రైతుల గుంటల్లో అది ఇప్పటికే పనిచేస్తోంది.

ఈ రంగంలో లేనివారి కోసం కాస్త వివరిస్తాను. పగటిపూట నీటిలోని ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి, రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. అందువల్ల సూర్యోదయానికి కాస్త ముందు డీఓ అన్నిటికన్నా కిందికి దిగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. 3 కంటే తగ్గితే రొయ్య మేత మానుతుంది, ఇంకా దిగితే నీటి పైకి తేలుతుంది, ఆ తరవాత చేయగలిగింది చాలా తక్కువ. ఈ భయంతోనే రైతులు అవసరం ఉన్నా లేకపోయినా రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు.

ఇప్పుడు ఒక పెద్ద మేత కంపెనీ మా పరికరాన్ని తమ డీలర్ల ద్వారా అమ్మిపెడతామని ముందుకు వచ్చింది. మూడేళ్ళపాటు మరెవరికీ అమ్మకూడదన్నది వారి షరతు. మా భాగస్వాముల్లో ఒకరు, పెద్ద కంపెనీ చేయి పడకపోతే కొత్త వస్తువు ఏదీ పది గ్రామాలు దాటదని అంటారు. మరొకరు, పెద్ద కంపెనీల చేతికి వెళ్ళిన కొత్త వస్తువులు వాటి బీరువాల్లోనే ఉండిపోతాయని అంటారు. కొత్త సాంకేతికత మార్కెట్‌కు చేరడంలో కంపెనీ చిన్నదా పెద్దదా అన్నది నిజంగా ఎంత ప్రభావం చూపుతుంది? అనుభవం ఉన్నవారు, చదివినవారు చెప్పగలరు.

కావలి మాష్టారు, కావలి

పెన్నాతీరం గారూ, అర్థశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక కొంచెం విస్తారంగా రాస్తే విసుక్కోకండి. మీ భాగస్వాములు ఇద్దరూ చేస్తున్న వాదనను షుంపీటర్ అనే ఒకే అర్థశాస్త్రవేత్త తన జీవితంలో రెండు వైపుల నుంచీ చేశారు. 1911 నాటి రచనలో ఆయన, కొత్తదనం కొత్తగా పుట్టిన సంస్థల నుంచి వస్తుందని అన్నారు. 1942 వచ్చేసరికి, పరిశోధనకు ప్రయోగశాలలు, ఏళ్ళ తరబడి నష్టాన్ని భరించే నిధులు కావాలి కనుక ఆ పని పెద్ద సంస్థలదే అన్నారు. రెండింటి మధ్య మారింది ఆయన చుట్టూ ఉన్న పరిశ్రమ.

1962లో కెన్నెత్ ఆరో మరో కోణం చూపారు. మార్కెట్‌ను ఇప్పటికే గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ కొత్త వస్తువు తెస్తే, దాని వల్ల వచ్చే లాభంలో ఎక్కువ భాగం తన పాత వస్తువు లాభం స్థానంలోకే వస్తుంది. కొత్తగా వచ్చినవాడికి పాత లాభమే లేదు కనుక పోగొట్టుకునేదీ లేదు. పెద్ద సంస్థ తటపటాయించడానికి కారణం తెలివి తక్కువై కాదు, లెక్క అలా వస్తుంది కనుక.

అయితే దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. కోహెన్, క్లెప్పర్ అనే ఇద్దరు 1990లలో దీన్ని బాగా వివరించారు. మీకు తెలిసిన మేత వ్యాపారంతోనే చూద్దాం. కిలో మేతకు ఒక రూపాయి ఖర్చు తగ్గించే కొత్త పద్ధతి కనుక్కోవడానికి కోటి రూపాయల పరిశోధన కావాలనుకోండి. ఏడాదికి లక్ష టన్నులు తయారుచేసే మిల్లుకు దానివల్ల పది కోట్లు మిగులుతాయి. రెండువేల టన్నుల మిల్లుకు మిగిలేది ఇరవై లక్షలు. కోటి ఖర్చు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుకే ఉన్న వస్తువును కొద్దికొద్దిగా మెరుగుపరిచే పనిలో, తయారీ ఖర్చు తగ్గించే పనిలో పెద్ద సంస్థలు ముందుంటాయి. ఇంతవరకు మార్కెట్లో లేని వస్తువును తెచ్చే పనిలో పరిమాణం వల్ల వచ్చే ఈ లాభం చాలావరకు పనిచేయదు, ఎందుకంటే ఆ పరిశోధన ఖర్చును పంచడానికి ఇంకా అమ్మకాలే లేవు.

మీ పరికరం ఏ రకానికి చెందుతుందో ముందు తేల్చుకోండి.

ముత్తుకూరు రైతు, ముత్తుకూరు

మాష్టారు చెప్పిన శాస్త్రం నాకు తెలియదు గాని, కొత్త సాంకేతికత మా గుంట గట్టు మీదికి ఎలా వస్తుందో మాత్రం తెలుసు.

1990ల మొదట్లో టైగర్ రొయ్యతో ఈ తీరమంతా ఒక్క ఊపు ఊగింది. 1994 తరవాత తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు పడుకున్నాయి. ఆ నష్టం నుంచి నిజంగా బయటపడింది వనామీ అనే విదేశీ రకం రొయ్య వచ్చాకనే. ఆ వనామీ ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. 2003లో కేంద్రం రెండు ప్రైవేటు సంస్థలకు మాత్రమే ప్రయోగాత్మకంగా అనుమతి ఇచ్చింది. వాటిలో ఒకటి మన జిల్లాలోని శరత్ ఇండస్ట్రీస్. అందరికీ తలుపు తెరిచింది 2009లో. తల్లి రొయ్యలు విదేశాల నుంచి రావాలి, చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తికావాలి, అప్పుడే హ్యాచరీకి, అంటే రొయ్య పిల్లలను తయారుచేసే కేంద్రానికి, చేరాలి. ఆ అనుమతుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే స్తోమత చిన్న హ్యాచరీకి ఎక్కడిది? కాని ఒకసారి దారి పడ్డాక ఊరూరికీ సీడ్, అంటే రొయ్య పిల్లలను, చేర్చింది తీరం పొడవునా ఉన్న చిన్న హ్యాచరీలే. ఆ విషయం ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఇక మీ పరికరం సంగతి. నేను నా గుంటను చెక్ ట్రే చూసి నమ్ముతాను. ట్రేలో కొలిచి మేత వేసి, నీటిలోకి దించి, రెండు గంటలకు పైకి లాగితే ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో, పెంకు మెత్తగా ఉందో గట్టిగా ఉందో కనిపిస్తుంది. మీ బాక్సు మీద అంకె కనిపిస్తుంది. ఆ అంకె తప్పయితే, ఏరియేటర్ తిరగాల్సిన సమయంలో ఆగిపోతే, పంటంతా ఒక్క తెల్లవారుజాముతో పోతుంది. అప్పుడు మీరు పరికరం ధర వాపసు ఇస్తారేమో, పంట ఎవరిస్తారు?

ఇంకొక మాట. మాలో చాలామందికి మేత అప్పుమీద వస్తుంది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక లెక్క చూసుకుంటాము. ఆ డీలరు "ఇది పెట్టు" అంటే పెడతాము, "ఎందుకది" అంటే మానేస్తాము. కంపెనీ పెద్దదా చిన్నదా అని అడుగుతున్నారు, అప్పు ఎవరిస్తున్నారని కూడా అడగండి.

ఉదయగిరి, ప్రస్తుతం బెంగళూరు

నేను ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ సంస్థలో కొత్త ఉత్పత్తుల విభాగంలో పనిచేస్తున్నాను. లోపలి నుంచి చూసేవాడిగా కొన్ని మాటలు.

ఇలాంటి చర్చల్లో కోడాక్ కథ ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు కనుక ఆ పని నేనే చేస్తాను, కాని సాధారణంగా చెప్పే పద్ధతిలో కాదు. 1975లో ఆ సంస్థలోనే స్టీవ్ సాసన్ అనే యువ ఇంజినీరు డిజిటల్ కెమెరా తయారుచేశారు. సుమారు మూడున్నర కిలోల బరువు, ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు, చిత్రంలో చుక్కలు పదివేలు. యాజమాన్యం దాన్ని పక్కన పెట్టిందని, 2012లో దివాలా పిటిషన్ వేసిందని చెప్పి కథ ముగిస్తారు. కాని 1975లో ఆ కెమెరాను కొనేవారెవరు? ఫిల్మ్, కాగితం, రసాయనాల మీద లాభం దండిగా వస్తున్న సంస్థ దానిమీద డబ్బు పెట్టకపోవడం, మాష్టారు చెప్పిన ఆరో లెక్క ప్రకారం, ఆనాటికి సహేతుకమే. చిక్కల్లా ఆ లెక్కను ఎప్పుడు తిరిగి వేసుకోవాలో తెలియకపోవడంలో ఉంది.

అదే కాలపు మరొక పెద్ద సంస్థ ఐబీఎం. తన మామూలు పద్ధతిలో వెళ్తే చిన్న కంప్యూటర్ బయటికి రావడానికి చాలా ఏళ్ళు పడుతుందని గ్రహించి, ప్రధాన కార్యాలయానికి దూరంగా ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో ఒక చిన్న బృందాన్ని కూర్చోబెట్టింది. వారు ప్రాసెసర్‌ను ఇంటెల్ నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకుని, ఏడాది ప్రాంతంలో పని ముగించి, 1981 ఆగస్టులో కంప్యూటర్‌ను మార్కెట్‌కు తెచ్చారు. పెద్ద సంస్థలోనే చిన్న సంస్థ పద్ధతి పెడితే పని జరుగుతుందనడానికి ఇది ఉదాహరణ. బయటి నుంచి తెచ్చుకున్న భాగాలే తరవాత ఐబీఎం చేతిలోంచి ఆ మార్కెట్ జారిపోవడానికి కారణమయ్యాయి. వేగానికి చెల్లించిన ధర అది.

మా కార్యాలయంలో ఒక కొత్త సెన్సర్ బయటికి వెళ్ళాలంటే నాణ్యతా విభాగం, కొనుగోళ్ళు, న్యాయ విభాగం, సర్వీసు, బ్రాండు, ఇందరూ సంతకం పెట్టాలి. ఎవరూ చెడ్డవారు కారు. కాని "వద్దు" అన్నవారికి ఎప్పుడూ నష్టం ఉండదు, "సరే" అన్నవారు రేపు జవాబు చెప్పుకోవాలి. పెద్ద సంస్థల నెమ్మదితనం చాలావరకు ఇక్కడ పుడుతుంది.

ఇక చిన్న సంస్థల వైపు. అవి చురుకైనవని మనం అనుకోవడానికి ఒక కారణం, బతికి బయటపడినవే మనకు కనిపిస్తాయి. పరికరం బాగున్నా చేతిలో డబ్బు అయిపోయి మూతపడ్డ సంస్థల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు.

చీమకుర్తి రాయి, చీమకుర్తి

మీరందరూ అమ్మేవాడి పరిమాణం గురించే మాట్లాడుతున్నారు. కొనేవాడి పరిమాణం గురించి నేను చెబుతాను.

మా గెలాక్సీ గ్రానైట్‌లో బంగారు చుక్కలకు ఎంత విలువో, పగులు లేని బ్లాక్‌కు అంత విలువ. ఒకప్పుడు క్వారీలో మందు పెట్టి పేల్చేవారు. రాయి విడిపోయేది గాని, పైకి కనిపించని పగుళ్ళు లోపల మిగిలేవి. అవి స్లాబ్ కోసేటప్పుడు, ఒక్కోసారి పాలిష్ పట్టేటప్పుడు బయటపడేవి. తరవాత డైమండ్ వైర్ వచ్చింది. పైనుంచి ఒక రంధ్రం, పక్క నుంచి ఒక రంధ్రం వేసి, రెండూ లోపల కలిసేలా చూసి, వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తీగను వాటి గుండా దూర్చి, రెండు కొసలు కలిపి, నీళ్ళు పోస్తూ యంత్రంతో తిప్పుతూ వెనక్కి లాగితే రాయి గోడలా నిలువుగా తెగుతుంది. ఫ్యాక్టరీలోనూ ఇంతే. గ్యాంగ్‌సా అయితే ఉక్కు బ్లేడ్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ, ఉక్కు రవ్వ, సున్నం కలిపిన నీటితో ఒక బ్లాక్‌ను కోయడానికి రోజులు తీసుకుంటుంది. ఒకేసారి అనేక వజ్రపు తీగలతో కోసే మల్టీవైర్ అదే పనిని గంటల్లో ముగిస్తుంది.

ఇవన్నీ మొదట కొన్నది ఎవరు? ఎగుమతి ఆర్డర్లు చేతిలో ఉన్న పెద్ద క్వారీల యజమానులు. మల్టీవైర్ ఒక్కటి దించాలంటే మా వంటి చిన్న కటింగ్ యూనిట్ ఆస్తి మొత్తం తాకట్టు పెట్టాలి. పైగా అది ఖాళీగా ఉంటే వడ్డీ తినేస్తుంది, దానికి రోజూ పని చూపించాలంటే సొంత క్వారీ ఉండాలి. మా దగ్గరికి కొత్త సాంకేతికత వచ్చేది సెకండ్ హ్యాండ్ యంత్రం రూపంలో, పెద్దవారు కొత్తది కొన్నప్పుడు. దానితో పాటు దాన్ని నడపడం వచ్చిన మేస్త్రీ కూడా మా దగ్గరికి చేరతాడు, అసలు లాభం అదే.

కాబట్టి పెన్నాతీరం గారూ, మీ వస్తువును మొదట ఎవరు కొంటారు? వంద ఎకరాలు చేసే కార్పొరేట్ ఫామా, రెండు గుంటలు లీజుకు తీసుకున్న రైతా? ఆ ఇద్దరికీ ఒకే పరికరం అమ్మలేరు.

గుండ్లకమ్మ, ఒంగోలు

నేను టీకాల తయారీలో నాణ్యతా విభాగంలో పనిచేశాను. నెల్లూరు వారి చర్చలో వరప్రసాద్ రెడ్డి గారి పేరు ఇంకా రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఆయన మీ జిల్లావారే. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో షాన్‌వాక్ పేరుతో హెపటైటిస్ బి టీకా తెచ్చారు. జన్యు పునఃసంయోజన పద్ధతిలో మన దేశంలోనే తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. విదేశాల నుంచి వచ్చే టీకా ఒక్కో మోతాదు వందల రూపాయలు ఉన్న రోజుల్లో దాన్ని యాభై రూపాయల ప్రాంతంలో అమ్మారు.

ఇందులో మనం గమనించాల్సింది ధైర్యం ఒక్కటే కాదు. ఆ టీకా తయారీ పద్ధతి పెద్ద విదేశీ సంస్థలకు అంతకు ముందే తెలుసు. తక్కువ ధరకు అమ్మే సామర్థ్యం కూడా వారికి ఉండేది. కాని ఇక్కడ ధర తగ్గిస్తే మిగిలిన దేశాల్లో వారి ధర నిలబడదు. మాష్టారు చెప్పిన ఆరో సూత్రం ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. శాంతాకు కాపాడుకోవాల్సిన పాత ధర లేదు. మన బ్యాంకులు వెనకాడిన దశలో ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది, ప్రయోగశాల అవసరాలకు ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ చోటిచ్చాయి. అంటే చిన్న సంస్థ ఒంటరిగా ఏమీ లేదు, దాని చుట్టూ పెద్దవి ఉన్నాయి.

తరవాతి కథ కూడా చెప్పాలి. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన పెద్ద మందుల సంస్థ సనోఫీ శాంతాను సొంతం చేసుకుంది. ఆ మరుసటి ఏడాదే ఐదు జబ్బుల టీకా షాన్‌5 సీసాల్లో తెల్లని అవక్షేపం కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదిత జాబితా నుంచి దాన్ని తొలగించింది. తిరిగి చేర్చేసరికి 2014 వచ్చింది. వెనక పెద్ద సంస్థ ఉన్నంత మాత్రాన నాణ్యతకు సమస్య రాదనుకోకూడదు. అయితే అన్నేళ్ళు ఆ ఉత్పత్తి ఆదాయం లేకుండా నిలబడి, తయారీని సరిదిద్దుకుని, తిరిగి ఆమోదం తెచ్చుకోగలగడం మాత్రం పెద్ద సంస్థ అండ వల్లనే సాధ్యమైందని నా అభిప్రాయం.

కోవిడ్ కాలంలో బయోఎన్‌టెక్, ఫైజర్ పని పంచుకున్న తీరు కూడా ఇలాంటిదే. 2008లో పుట్టిన బయోఎన్‌టెక్ అప్పటికి ఒక్క టీకాను కూడా మార్కెట్లో అమ్మలేదు. ఎంఆర్‌ఎన్‌ఏ విద్య వారిది. సుమారు 44 వేల మందిపై మూడో దశ పరీక్షలు నడిపించడం, అనుమతులు, పంపిణీ చాలావరకు ఫైజర్ బలం. చేతులు కలిపిన ఏడాదిలోపే, 2020 డిసెంబరులో అనుమతి వచ్చింది.

సూళ్లూరుపేట, షార్ దగ్గర

2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, ఈ వేదికలో నన్ను నెల్లూరు వాడిగానే లెక్కించండి.

గుండ్లకమ్మ గారి మాటకు మా ఊరి నుంచి ఒక ఉదాహరణ. 2022 నవంబరు 18న హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసింది. అది సుమారు 89 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. 2024 మే 30న చెన్నైకి చెందిన అగ్నికుల్, ఒకే ముక్కగా త్రీడీ ప్రింట్ చేసిన ఇంజిన్‌తో తన రాకెట్‌ను శ్రీహరికోటలోనే తాను కట్టుకున్న లాంచ్‌ప్యాడ్ నుంచి ప్రయోగించింది. ఇవి చిన్న సంస్థల విజయాలే, కాదనను. కాని ప్రయోగ క్షేత్రం, ట్రాకింగ్, భద్రతా ఏర్పాట్లు ఇస్రోవి. 2020లో ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ ఏర్పాటు చేసి ఆ సౌకర్యాలను ప్రైవేటు వారికి తెరవకపోతే ఈ సంస్థలు ఎంత చురుకైనవైనా భూమి మీదే ఉండేవి. ఇక 2025లో చిన్న ఉపగ్రహాలను మోసే ఇస్రో రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తయారీ సాంకేతికతను 511 కోట్ల రూపాయల బిడ్‌తో దక్కించుకున్నది ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్. ఒకే రాకెట్‌ను మళ్ళీ మళ్ళీ తయారు చేయాల్సిన పని వచ్చేసరికి పెద్ద ఫ్యాక్టరీ ఉన్నవారు గెలిచారు.

కావలి మాష్టారు, కావలి

పై మూడు ఉదాహరణలకు ఎదురుగా ఒకటి చెప్పకపోతే, పెద్దవాడితో చేరితే చాలునన్న అభిప్రాయం మిగిలిపోతుంది.

సీటీ స్కానర్‌ను కనుక్కున్నది ఇంగ్లండ్‌లోని ఈఎంఐ అనే సంస్థ. అది గ్రామఫోన్ రికార్డులకు పేరుపడ్డ పెద్ద సంస్థ. దాని ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో 1971లో మొదటి రోగి మెదడును స్కాన్ చేశారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాదాపు అదే కాలంలో ఆ సంస్థ స్కానర్ల వ్యాపారం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రులకు ఎక్స్‌రే యంత్రాలు అమ్ముతూ, వాటిని బాగుచేసే మనుషులను ఊరూరా పెట్టుకున్న జీఈ వంటి సంస్థలు వెనక వచ్చి ముందుకు వెళ్ళాయి. 1986లో డేవిడ్ టీస్ దీన్ని సిద్ధాంతంగా చెప్పారు: కనుక్కున్నవాడికి లాభం దక్కాలంటే, ఆ వస్తువును కొనుగోలుదారుకు చేర్చి నిలబెట్టే తోడు సరంజామా, అంటే పంపిణీ, సర్వీసు, శిక్షణ, వాడి చేతిలో ఉండాలి.

ఈఎంఐ చిన్న సంస్థ కాదన్నది ఇక్కడ ముఖ్యం. డబ్బు ఉంది, ఇంజినీర్లు ఉన్నారు, పేటెంట్లు ఉన్నాయి. ఆస్పత్రిలో యంత్రం ఆగిపోతే మర్నాడు వెళ్ళే మనుషులు తగినంతమంది లేరు. ముత్తుకూరు రైతు గారు అడిగిన ప్రశ్న అదే కదా.

నెల్లూరు పద్దులు, నెల్లూరు

చార్టర్డ్ అకౌంటెంటుగా నాకు తెలిసినంతలో చెబుతాను. సిద్ధాంతం పెద్దలకు వదిలేస్తున్నాను.

చిన్న సంస్థగా ఉండటం వల్ల చట్టపరంగా కొన్ని సౌకర్యాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిర్వచనం ప్రకారం యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్లు మించకపోతే సూక్ష్మ సంస్థ, పాతిక కోట్లు, వంద కోట్లు మించకపోతే చిన్న సంస్థ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేకపోతే ఈ రోజే చేయించుకోండి. లిఖిత ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు మీకు చెల్లించాలి. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా, చట్టంలోనే ఉంది. పైగా ఆదాయపు పన్ను చట్టంలోని ఒక నిబంధన వల్ల, కొనుగోలుదారు గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. ఈ నిబంధన రాగానే పెద్ద సంస్థల అకౌంట్స్ విభాగాలు కదిలాయి. అయితే మీరు సరఫరా ఆపేస్తామని అనలేని స్థితిలో ఉంటే, ఒకే ఒక కొనుగోలుదారు మీద వడ్డీ కేసు వేయగలరా? మరెవరికీ అమ్మకూడదన్న ప్రత్యేక హక్కు షరతులోని అసలు ప్రమాదం అది.

పేటెంటు సంగతి. స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పెద్ద సంస్థలకు 8,000. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే త్వరిత పరిశీలన కోరవచ్చు. కాని దరఖాస్తు వేయకముందే పరికరాన్ని బహిరంగంగా వాడకంలో పెడితే కొత్తదనం పోయిందన్న అభ్యంతరం రావచ్చు. మీ పరికరం ఇప్పటికే రైతుల గుంటల్లో ఉందంటున్నారు. వెంటనే పేటెంట్ ఏజెంటును కలవండి.

పెన్నాతీరం, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. కొన్నిటికి జవాబులు.

పేటెంటు దరఖాస్తు రైతుల దగ్గరికి వెళ్ళకముందే వేశాము. ముత్తుకూరు రైతు గారి భయం న్యాయమైనది. అందుకే అంకె మీద అనుమానం వచ్చినా, సెన్సర్ తీగ తెగినా, సిగ్నల్ ఆగినా ఏరియేటర్ ఆగిపోకుండా, తిరుగుతూనే ఉండేలా సర్క్యూట్ పెట్టాము. మాకు నిజమైన శత్రువు సెన్సర్ మీద పేరుకునే జిగురు. గుంటలో నాచు, బ్యాక్టీరియా కలిసి సెన్సర్ ముఖం మీద పొరలా పేరుకుంటే అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. వేసవిలో, మేత ఎక్కువ పడే గుంటల్లో అది ఇంకా త్వరగా పడుతుంది. మెత్తటి బ్రష్‌తో తుడవాలి, గట్టిగా రుద్దితే సెన్సర్‌కు ఉండే సున్నితమైన పొర చిరుగుతుంది. ప్రస్తుతం ఆ పని మా కుర్రాళ్ళే గుంట గుంటకూ తిరిగి చేస్తున్నారు. గుంటలు వందలయితే ఇది మా వల్ల కాదు. పెద్ద కంపెనీతో మాకు నిజంగా అవసరం ఉన్నది ఇక్కడే: వారి టెక్నీషియన్లు నీటి పరీక్షల కోసం ఎలాగూ గుంటలకు వెళ్తుంటారు.

చీమకుర్తి గారి ప్రశ్నకు: కరెంటు ఆదా అనే మాటతో మొదట అమ్మజూశాము. సబ్సిడీ వర్తించే రైతుకు యూనిట్ రూపాయిన్నరకే వస్తున్నప్పుడు ఆ మాటకు బలం లేదు. సబ్సిడీ లేని పెద్ద ఫాములకు, డీజిల్ జనరేటర్ మీద ఆధారపడేవారికి అది పనిచేస్తుంది. చిన్న రైతు కొనేది నిద్ర కోసం.

విజయవాడలో 2012లో మొదలైన ఎరువాకా గురించి ఎవరైనా చెబుతారని ఎదురుచూశాను. చెరువుల్లో డీఓ కొలిచే పరికరాలతో మొదలై, రొయ్యలు మేత తినే చప్పుడును నీటి అడుగున వింటూ మేత వేసే యంత్రాల దాకా వెళ్ళింది. నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో అందులో మొదట పెట్టుబడి పెట్టి, తరవాత సొంతం చేసుకుంది. న్యూట్రెకో చేతిలో స్క్రెట్టింగ్ అనే మేత వ్యాపారం ఉంది. మేత కంపెనీకి ఈ పరికరం ఎందుకన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: గుంటలో ఏ గంటకు ఎంత మేత పడుతోందో తెలిసినవాడికి ఆ రైతు వ్యాపారం మొత్తం తెలుస్తుంది. మా దగ్గరికి వచ్చిన కంపెనీ కూడా సమాచారం ఎవరిదన్న విషయంలో ఒప్పందంలో ఒక్క ముక్క రాయలేదు.

ఉదయగిరి, ప్రస్తుతం బెంగళూరు

అది రాయకపోవడం పొరపాటు అయి ఉండదు. ఆ ఒక్క అంశం మీద వెనక్కి తగ్గకండి.

నా అంచనా ఏమిటంటే, ఆ కంపెనీలో మీ పరికరాన్ని ఇష్టపడ్డ మేనేజరు ఒకరు ఉంటారు. ఆయన బదిలీ అయినా, ఉద్యోగం మారినా మీ వస్తువు దిక్కులేనిదవుతుంది. మా సంస్థలో ఇది చూస్తూనే ఉంటాను, ఎవరూ రద్దు చేయరు, ఎవరూ అమ్మరు. అందుకే ప్రత్యేక హక్కు ఇచ్చినా కనీస కొనుగోలు పరిమాణం రాయించండి. ఒక పంటకాలంలో ఆ సంఖ్య చేరకపోతే ప్రత్యేక హక్కు దానంతట అదే రద్దు కావాలి.

నెల్లూరు పద్దులు, నెల్లూరు

దానికి తోడు, హక్కును ప్రాంతానికి పరిమితం చేయండి. నెల్లూరు, ప్రకాశం, బాపట్ల జిల్లాలకు ఇచ్చి, గోదావరి జిల్లాలను, గుజరాత్‌ను మీ దగ్గరే ఉంచుకోండి. చేపల చెరువులను, హ్యాచరీలను కూడా వేరుగా రాయించండి.

ముత్తుకూరు రైతు, ముత్తుకూరు

సెన్సర్ తుడవడం గురించి ఒక మాట. మేత వేసే మనిషి రోజూ తెప్ప మీద గుంటలోకి వెళ్తాడు. ఆ బ్రష్‌ను తెప్పకే కట్టి, అతనికి నెలకు ఎంతో కొంత విడిగా ఇస్తే మీ కుర్రాళ్ళు తిరగాల్సిన పని తగ్గుతుంది. కంపెనీ టెక్నీషియన్ వారానికి ఒకసారి వస్తే గొప్ప, పంట బాగా ఉన్న గుంటకు అసలు రాడు. సర్క్యూట్ మీరు చెప్పినట్టే ఉంటే, నా చిన్న గుంటలో ఈ పంటకు ఒకటి పెట్టి చూడటానికి నాకు అభ్యంతరం లేదు. పక్క గుంట మామూలుగానే నడుస్తుంది, తేడా పట్టుబడిలో తెలుస్తుంది.

చీమకుర్తి రాయి, చీమకుర్తి

కనీస కొనుగోలు షరతుకు వారు ఒప్పుకోరని నా అనుమానం. ఒప్పుకోకపోతే ప్రత్యేక హక్కు లేకుండా మామూలు డీలర్‌షిప్ అడగండి, కమిషన్ కాస్త ఎక్కువ ఇవ్వండి. దానికీ కాదంటే, వారికి కావాల్సింది మీ పరికరం అమ్మడం కాదు, అది మరొక మేత కంపెనీ చేతిలో పడకుండా చూసుకోవడం.

పెన్నాతీరం, నెల్లూరు

ముత్తుకూరు గారూ, ఈ వారంలోనే మా మనిషి వచ్చి మీ స్టార్టర్ బాక్సు చూసి వెళ్తాడు, ఏరియేటర్ల హార్స్‌పవర్, ఫేజులు రాసి ఉంచండి. తెప్పకు బ్రష్ కట్టే పద్ధతిని ఇందుకూరుపేట గుంటల్లోనూ పెడతాము. కంపెనీ వారికి ప్రాంత పరిమితి, కనీస కొనుగోలు, సమాచారం రైతుదేనన్న నిబంధన, ఈ మూడింటితో ముసాయిదా తిరిగి పంపుతున్నాము. వారి జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.